లక్ష దాటిన బండికి సింథెటిక్ ఆయిల్ విషమూ కాదు, మందూ కాదు



ఈసారి పోస్టు పొడుగే. ఓపిక ఉన్నప్పుడు చదవండి. చదివాక నచ్చకపోతే కింద తిట్టండి, సగంలో ఆపి మాత్రం తిట్టొద్దు.

మన గ్రూపులో పది రోజులుగా ఒక సందేశం తిరుగుతోంది. లక్ష కిలోమీటర్లు దాటిన కారుకు సింథెటిక్ ఆయిల్ పోస్తే సీళ్లు కరిగిపోతాయట, ఆయిల్ కారిపోయి ఇంజన్ పట్టేస్తుందట, అందుకే పాత బండికి పాత ఆయిలే పోయాలట. పదిమందికీ పంపమని చివర్లో దండం బొమ్మ కూడా ఉంది. పంపిన పెద్దాయన అంటే నాకు గౌరవమే. ఆయన మంచి కోరే పంపారు. కానీ మాట తప్పు. మంచి మనసుతో పంపినంత మాత్రాన తప్పు ఒప్పు అయిపోదు.

దీనికి అడుగున చేరిన జవాబుల్లో ఇంకో రకం కూడా చూశాను. "సింథెటిక్ పోయండి మామా, ఇంజన్ కొత్తదైపోతుంది, ఇరవై వేల దాకా ఆయిల్ ముట్టుకోనక్కర్లేదు" అని. ఇదీ తప్పే. నన్నడిగితే మొదటిదాని కంటే ఇదే ఎక్కువ ఇంజన్లను తింటుంది. ఈ రెండు మాటల మీదా నా అభ్యంతరం చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆయిల్ డబ్బా గురించి ఇంత రాద్ధాంతం ఎందుకంటారేమో. మన ఇళ్ల సంగతి చూడండి. పిల్లలు చెన్నైలోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. ఇక్కడ ఉన్నది పెద్దవాళ్లు, వాళ్లతోపాటు పన్నెండేళ్లదో పద్దెనిమిదేళ్లదో ఒక కారు. మారుతి 800, జెన్, ఇండికా, పాత స్విఫ్ట్, కొందరి ఇళ్లలో ఇంకా అంబాసడర్. రాత్రి రెండింటికి గుండెలో నొప్పి వస్తే మదురై దాకా తీసుకెళ్లాల్సింది ఆ బండే. పెళ్లికి తెన్కాసి, సీజన్లో కుట్రాలం, మాల వేసుకుంటే ఆర్యన్‌కావు ఘాటు దాటి శబరిమల, అన్నిటికీ అదే. పదిహేనేళ్లు నిండితే ఆర్.సి. రెన్యువల్ చేయించాలి. 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి కారుకు 5,000 అయింది. అంత కట్టి తీసుకెళ్లిన బండి నీలంరంగు పొగ కక్కితే ఫిట్‌నెస్ దగ్గర ఆగిపోతుంది. ఇంజన్ విప్పి రింగులు, బేరింగులు మార్చాలంటే ఎంతవుతుందో మీ షెడ్డులో అడగండి. పాత బండి ఇంజన్ పోతే చాలామంది బాగుచేయించరు, పాత ఇనుముకు అమ్మేస్తారు. ఆ ఇంట్లో పెద్దాయనకు ఆ రోజుతో బయట తిరగడం ఆగిపోతుంది. పణంగా ఉన్నది ఇదీ.

ఇప్పుడు మొదటి మాట, సింథెటిక్ విషం అన్నది.

ముందు సింథెటిక్ అంటే ఏమిటో చూద్దాం. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అదే డబ్బా మీద కనిపించే ఏపీఐ, ఆయిల్‌కు మూలమైన బేస్ ఆయిల్‌ను అయిదు గ్రూపులు చేసింది. ఒకటి, రెండు గ్రూపులు మనం మినరల్ అనేవి. మూడో గ్రూపు కూడా ఎక్కువగా ఆ ముడిచమురు నుంచే వస్తుంది, కాకపోతే హైడ్రోజన్‌తో చాలా గట్టిగా శుద్ధి చేస్తారు. నాలుగోది రసాయనికంగా కట్టిన పీఏఓ. మిగతావన్నీ అయిదో గ్రూపు, ఎస్టర్లు ఇందులోవే. మూడో గ్రూపును సింథెటిక్ అనొచ్చా లేదా అని అమెరికాలో మొబిల్‌కూ కాస్ట్రాల్‌కూ పెద్ద తగవు నడిచింది. 1999లో అక్కడి ప్రకటనల తగవులు తీర్చే సంస్థ అనొచ్చని తేల్చింది. అప్పటి నుంచి అంగట్లో సింథెటిక్ పేరుతో దొరికేదాంట్లో పెద్ద భాగం ఈ మూడో గ్రూపే. అంటే ఏమిటి? మీరు విషం అంటున్నది చాలావరకు మీ మినరల్ ఆయిల్‌కు అన్నే. ఇంకొంచెం బాగా వడగట్టి, మైనం తీసి, గంధకం తగ్గించిన ఆయిల్. అది సీళ్లను కరిగించడమేమిటి?

మరి ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది? గాలిలోంచి పుట్టలేదు, నిజమే. 1970లలో కార్లకు సింథెటిక్ ఆయిల్ అమ్మడం మొదలైనప్పుడు అది ముఖ్యంగా పీఏఓ. పీఏఓకు రబ్బరు సీలును కాస్త కుదించే గుణం ఉంది. ఎస్టరుకు రబ్బరును కాస్త ఉబ్బించే గుణం ఉంది. తొలిరోజుల్లో ఈ పాళ్లు సరిగా కుదరక కొన్ని బండ్లు కారాయి. తరవాత రెంటినీ కొలత ప్రకారం కలిపి ఆ లోపం దిద్దుకున్నారు. అది అర్ధశతాబ్దం నాటి ముచ్చట. పైగా 2000లో అమెరికాలో ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన బండ్ల కోసమనే వాల్వోలిన్ ప్రత్యేకంగా ఒక ఆయిల్ దించింది. గట్టిపడిన సీళ్లను మెత్తబరిచే దినుసులు అందులో వేస్తారు. ఆ తరవాత మిగతా కంపెనీలూ అలాంటివి తెచ్చాయి, సింథెటిక్‌లో కూడా తెచ్చాయి. పాత బండికి సింథెటిక్ పనికిరాదంటే ఆ డబ్బాలు ఎవరికోసం అమ్ముతున్నట్టు?

రెండో కారణం మన షెడ్డుల్లో కళ్లారా చూసేదే. ఏళ్ల తరబడి ఆయిల్ మార్చని ఇంజన్‌లో నల్లటి జిడ్డు ముద్ద పేరుకుంటుంది. సీలు ఎప్పుడో ఎండిపోయి పగిలింది, ఆ పగులుకు ఈ ముద్ద అడ్డుపడి ఉంది. కొత్త ఆయిల్ పోశాక అందులోని కడిగే దినుసులకు ముద్ద మెల్లగా వదులుతుంది, దాక్కున్న పగులు బయటపడుతుంది. చూసినవాళ్లు "సింథెటిక్ పోశాం, కారింది" అంటారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత కూడా చెబుతారు. నాలుక ముందే ఊడింది, మురికి దాన్ని పట్టుకుని నిలబెట్టింది. మురికి మీద ఆధారపడి నడుస్తున్న ఇంజన్‌కు మురికిని కాపాడటం వైద్యం కాదు.

మూడోది, "సింథెటిక్ పలుచన" అనే మాట. దీన్ని అంకెలతో చూద్దాం. డబ్బా మీద 15డబ్ల్యూ-40 అనో 5డబ్ల్యూ-40 అనో ఉంటుంది. డబ్ల్యూ అంటే చలికాలం. మొదటి అంకె గడ్డకట్టే చలిలో ఇంజన్ తిరగడానికి సంబంధించింది. 5డబ్ల్యూను మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 15డబ్ల్యూను మైనస్ 20 దగ్గర. మార్గళి తెల్లవారుజామున స్వెట్టరుతో గుడికి వెళ్లే మనకు ఈ తేడా పెద్దగా పట్టదు. మనకు కావలసింది రెండో అంకె. 40 అని ఉంటే 100 డిగ్రీల వేడిలో దాని చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. మినరల్ అయినా అంతే, సింథెటిక్ అయినా అంతే. పలుచన అనేది గ్రేడు విషయం, జాతి విషయం కాదు. చల్లటి ఇంజన్‌లో మాత్రం 5డబ్ల్యూ కొంచెం తేలికగా పారుతుంది. అందువల్ల ముందే పోయిన సీలు దగ్గర నాలుగు చుక్కలు ఎక్కువ పడొచ్చు. విషం కథలో ఉన్న నిజం ఆ నాలుగు చుక్కలే. అసలు పొరపాటు ఎక్కడంటే, పుస్తకంలో 40 గానీ 50 గానీ అడిగిన పాత ఇంజన్‌కు, సింథెటిక్ కదా మంచిదని 5డబ్ల్యూ-30 పోయడం. ఆయిల్ తగ్గితే సింథెటిక్‌ను తిడతారు. తిట్టాల్సింది డబ్బా మీద అంకె చూడకుండా పోసిన చేతిని.

ఇక రెండో మాట, సింథెటిక్ మందు అన్నది.

ఏ ఆయిలూ అరిగిన రింగును తిరిగి పెంచదు. బేరింగు మీద గీత పడితే పూడ్చదు. వాల్వు సీలు పోయి పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తుంటే, ఆ జబ్బుకు మందు స్పానరు, డబ్బా కాదు. వెయ్యి కిలోమీటర్లకు లీటరు తాగే ఇంజన్‌లో ఖరీదైన ఆయిల్ పోయడమంటే చిల్లికుండలో పన్నీరు పోయడమే.

ఇంకా ప్రమాదమైనది ఇరవై వేల కిలోమీటర్ల కబురు. ఆ దూరాలు కొన్ని దేశాల్లో, కొన్ని కొత్త ఇంజన్లకు, వాటికని ఒప్పుకున్న ఆయిళ్లకు చెప్పినవి. మన బండి సంగతి వేరు. అరిగిన రింగుల పక్కనుంచి మండిన వాయువు కిందికి దిగి ఆయిల్‌ను త్వరగా నల్లబరుస్తుంది. పైగా మన వాడకం ఎలాంటిది? ఇంటి నుంచి మిల్లుకు, మిల్లు నుంచి కొట్టుకు, సాయంత్రం గుడికి. రెండు మూడు కిలోమీటర్లు పోయి ఆపేస్తాం. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, పెట్రోలు ఆవిరై పోవు, ఆయిల్‌లోనే ఉండిపోతాయి. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లే తిరిగిన బండి కదా, ఇంకా టైముందిలే అనుకుంటాం. ఆ మూడు వేలే అన్నిటికంటే కష్టమైనవి. సింథెటిక్ పోసినా మినరల్ పోసినా పుస్తకంలో రాసిన కిలోమీటర్లకు, లేదా ఏడాదికి, ఏది ముందు వస్తే దానికి మార్చాల్సిందే. సింథెటిక్ పోసి గడువు రెట్టింపు చేసేవాడి కంటే, మామూలు ఆయిల్ పోసి వేళకు మార్చేవాడి ఇంజనే ఎక్కువ కాలం బతుకుతుంది.

"మా నాన్న నలభై ఏళ్లు మినరలే పోశాడు, బండికి ఏమీ కాలేదు" అనేవాళ్లకు నా జవాబూ ఇదే. మీ నాన్నగారు ఆదివారం పొద్దున బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ గుడ్డతో తుడిచి చూసేవారు. కిలోమీటర్లు చిన్న నోటుబుక్కులో రాసేవారు. వేళ వచ్చిందంటే షెడ్డుకు పంపేవారు. బండిని కాపాడింది ఆ నోటుబుక్కు. మీరు ఆయన పోసిన ఆయిల్‌ను పట్టుకున్నారు, ఆయన అలవాటును వదిలేశారు.

మనది మిల్లుల ఊరు. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా గారు రాజపాళయం మిల్స్ పెట్టినప్పటి నుంచి ఇక్కడ యంత్రం నడిపినవాళ్లు, బాగుచేసినవాళ్లు, దాని లెక్క రాసినవాళ్లు లేని ఇల్లు తక్కువ. రింగ్ ఫ్రేమ్ దగ్గర పనిచేసిన ఎవరినైనా అడగండి. స్పిండిల్ నిమిషానికి పదిహేను, ఇరవై వేల చుట్లు తిరుగుతుంది. దానికి ఏ ఆయిల్, ఎంత, ఎన్ని గంటలకు మార్చాలి అనేది ముందే రాసి పెట్టుకుంటారు. ఫ్రేమ్ పాతదైంది, ఏదో ఒక ఆయిల్ పోయండి అని మెయింటెనెన్స్ మేస్త్రీ అంటాడా? ఖరీదైన ఆయిల్ పోశాం, ఈ ఏడాది ఇక చూడొద్దు అంటాడా? రెండూ అనడు. మిల్లులో ఇంత క్రమం తెలిసిన మనం, ఇంటి ముందు కారు దగ్గరికి వచ్చేసరికి ఎవరో పంపిన సందేశం చూసి ఆయిల్ ఎంచుకుంటున్నాం.

సరే, ఎవరికి సింథెటిక్ లాభం? టర్బో డీజిల్ ఉన్నవాళ్లకు ముందు చెబుతాను. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. అయిదుగురు మనుషులు, పైన సామాను, చెంగోట దాటి ఘాటు ఎక్కి, టీకొట్టు కనబడగానే టక్కున ఇంజన్ ఆపేస్తాం. అప్పటిదాకా మండుతున్న టర్బోలో నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. ఆ వేడిని మంచి సింథెటిక్ ఎక్కువ తట్టుకుంటుంది. ఆపే ముందు ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచడం ఏ ఆయిల్ పోసినా తప్పదు. ఎండాకాలంలో మదురై, కొల్లం రోడ్ల మీద ఎక్కువగా తిరిగే పెట్రోలు బండ్లకు కూడా లాభమే, ఎందుకంటే సింథెటిక్ వేడికి తక్కువ ఆవిరవుతుంది. ఆయిల్‌ను 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఎంత ఆవిరైందో కొలిచే పరీక్షే ఉంది. మూడు, నాలుగు గ్రూపుల ఆయిళ్లు దాంట్లో మామూలు మినరల్ కంటే ముందుంటాయి.

ఏడాదికి మూడు వేలు తిరిగి, ఏటా ఆయిల్ మార్పించుకునే మారుతి 800కు సరైన గ్రేడు మినరల్ చాలు. అక్కడ సింథెటిక్ పోస్తే పాపం కాదు, అవసరమూ కాదు. పాత పెట్రోలు అంబాసడర్ ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. దాని బ్రిటిష్ కాలపు ఇంజన్‌లో కామ్ మీద ట్యాపెట్ రుద్దుకుంటూ నడుస్తుంది, దానికి జింకు, ఫాస్ఫరస్ దినుసులు తగినంత ఉన్న ఆయిల్ కావాలి. కొత్తరకం 30 గ్రేడు పలుచటి ఆయిళ్లలో ఫాస్ఫరస్‌కు పరిమితి పెట్టారు. కాబట్టి ఆ ఇంజన్‌కు దాని పుస్తకం చెప్పిన చిక్కటి గ్రేడే, మినరల్ అయినా సింథెటిక్ అయినా.

డబ్బు లెక్క మీరే వేసుకోండి. మూడున్నర లీటర్లు పట్టే బండి అనుకోండి, లీటరుకు మూడొందలు తేడా అనుకోండి. మార్పుకు 1,050 రూపాయలు ఎక్కువ. ఏడాదికి ఒక్కసారే మారిస్తే నెలకు తొంభై లోపే. టర్బో బండికి ఆ డబ్బు చవక. ఊళ్లోనే తిరిగే చిన్న బండికి ఆ డబ్బుతో మంచి ఫిల్టరు కొని వేళకు మార్చడం మేలు. ఇది లెక్క ప్రకారం తేల్చుకోవలసిన విషయం, భయంతోనో మోజుతోనో కాదు.

మారాలనుకునేవాళ్లు ఈ వరసలో చేయండి.

ముందు రాత్రి బండి కింద పాత అట్టపెట్టె పరవండి. పొద్దున చుక్కలుంటే ఎక్కడివో చూపించండి. చాలాసార్లు పైన వాల్వ్ కవర్ గాస్కెట్టో, కింద డ్రైన్ బోల్టు వాషరో. పీసీవీ వాల్వు మూసుకుపోయినా లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ బయటికి తన్నుతుంది. అవి చేయించాకే ఆయిల్ మాట.

తరవాత ఆయిల్ పోసే మూత తీసి టార్చి వేసి చూడండి. లోపల తేనెరంగు మరక ఉంటే పర్వాలేదు. నల్లటి ముద్ద ఉంటే గాఢమైన ఫ్లష్‌లు పోయించొద్దు. ముద్ద ఒక్కసారిగా ఊడి అడుగున ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డుపడితే ఇంజన్ నిజంగానే పట్టేస్తుంది. సరైన గ్రేడు మామూలు ఆయిలూ కొత్త ఫిల్టరూ వేసి, రెండు మూడు వేల కిలోమీటర్లకే మార్చండి. అలా రెండుసార్లు చేశాక సింథెటిక్‌కు వెళ్లండి.

మార్చే రోజు ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించండి. ఫిల్టరు తప్పకుండా మార్చండి. అడుగున మిగిలిన పాత ఆయిల్ కొత్తదానితో కలిస్తే విరిగిపోతుందని భయపడొద్దు, మినరలూ సింథెటిక్కూ కలుస్తాయి. డిప్‌స్టిక్ రెండు గీతల మధ్య నింపండి. పై గీత దాటితే నురగ వస్తుంది, అదీ చెరుపే.

ఆ తరవాత నెలరోజులు వారానికోసారి డిప్‌స్టిక్ చూసి తేదీ, కిలోమీటర్లు, మట్టం రాసుకోండి. ఆయిల్ ప్రెజర్ లైటు వెలిగితే ఇంటిదాకా పోనిద్దాం అనుకోకుండా రోడ్డు పక్కన ఆపేయండి. తప్పు ఆయిల్ ఇంజన్‌ను మెల్లగా అరగదీస్తుంది. లేని ఆయిల్ నిమిషాల్లో చంపేస్తుంది.

సంఘానికి మూడు విన్నపాలు. ఒకటి, వచ్చే నెల సమావేశం రోజున గంట ముందు మన అందరి బండ్లూ వరసగా నిలిపి డిప్‌స్టిక్కులు చూద్దాం. మనలో మెకానిక్కులున్నారు, మిల్లు మెయింటెనెన్సులో పనిచేసి రిటైరైన పెద్దలున్నారు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల బండ్లు కుర్రాళ్లే వెళ్లి తీసుకురావాలి. రెండు, ఆయిల్ కొంటే బిల్లుతో, సీలు చూసి, నమ్మకమైన అంగట్లో కొందాం. కల్తీ డబ్బా మీద సింథెటిక్ అని రాసి ఉన్నా ఒకటే, మినరల్ అని రాసి ఉన్నా ఒకటే. మూడు, దించిన నల్ల ఆయిల్ కాలవలోకీ కన్మాయిలోకీ పోకూడదు. 2016 నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, లైసెన్సు ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. సంఘం తరఫున ఒక డ్రమ్ము పెడితే అందరికీ వీలవుతుంది.

ఇకమీదట గ్రూపులో బండి గురించి ఏ సందేశం వచ్చినా, ముందుకు పంపే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఏ ఇంజన్? ఏ గ్రేడు? ఎన్ని కిలోమీటర్లకు? ఈ మూడూ లేని సలహా సింథెటిక్‌ను పొగిడినా తిట్టినా పనికిరానిదే. నా మాటను కూడా ఊరికే నమ్మొద్దు. కారు గ్లవ్‌బాక్సులో దుమ్ముపట్టి ఉన్న పుస్తకం తీసి ఆయిల్ పేజీ చూడండి. పుస్తకం పోయిందంటే బండి పేరు, మోడల్ సంవత్సరం కింద కామెంట్లో రాయండి, ఎవరి దగ్గరైనా అదే బండి పుస్తకం ఉంటే ఆ పేజీ ఫొటో పెడతారు. మా ఇంట్లో ఉన్న రెండు బండ్ల పేజీలు మొదటి కామెంట్లో నేను పెడుతున్నాను.